మెదడు బొమ్మ కింద ఇంకో రెండు వాక్యాలు వేయండి

సంపాదకులకు,

గత వారం మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన మెదడు బొమ్మ గురించి ఈ ఉత్తరం. బూడిద రంగు మెదడు, లోపల రెండు చోట్ల నారింజ మచ్చలు, కింద ‘ప్రేమలో పడిన మెదడు ఇలా వెలుగుతుంది’ అని ఒక వాక్యం. అదే రోజు పత్రిక మడతలో పెట్టిన కరపత్రం ఒకటి మా ఇంటికి వచ్చింది. దాని మీదా అచ్చం అలాంటి బొమ్మే ఉంది. అయిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలకు ‘బ్రెయిన్ మ్యాపింగ్’ చేసి, డాక్టరవుతారో ఇంజనీరవుతారో ముందే చెప్పేస్తారట. కరపత్రాలు ఏజెంటు పెట్టుకునేవని, వాటితో మీకు సంబంధం లేదని నాకు తెలుసు. పొద్దున కాఫీ తాగుతూ రెండింటినీ ఒకేసారి చూసే తల్లిదండ్రులకు మాత్రం తెలియదు. కరపత్రం చెప్పిన మాటకు మీ బొమ్మ సాక్ష్యం పలికినట్లయింది.

నేను నెల్లూరు పొగతోటలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై టెక్నీషియన్‌ని. బొమ్మ తీయడం నా పని, రిపోర్టు రాయడం రేడియాలజిస్టు పని. అందుకే జబ్బుల మీద తీర్పులు చెప్పను. బొమ్మ ఎలా తయారవుతుందో మాత్రం చెప్పగలను.

ఆ మర్నాడే కావలి నుంచి ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. చేతిలో డాక్టరు చీటీ లేదు. “వీడి తలకు స్కాన్ తీసి లెక్కల భాగం ఎంత ఉందో చెప్పమ్మా, ఎంపీసీనో బైపీసీనో తేల్చుకోవాలి” అన్నారు. పిల్లవాడు గోడ మీది రేట్ల పట్టిక చదువుతూ నిలబడ్డాడు. అలాంటి స్కాన్ లేదని చెబితే ఆమె నమ్మలేదు. పెద్ద మిషన్ ఉన్న ఊరికి, చెన్నైకి, తీసుకువెళతానన్నారు. జూన్ వచ్చిందంటే మాకు ఇలాంటివాళ్ళు కొత్త కాదు. కానీ ఈసారి ఆమె సంచిలోంచి తీసి చూపించింది మీ అనుబంధం.

ముందు మా మిషన్ నిజంగా ఏం చేయగలదో చెబుతాను. గొప్పదే. మా దగ్గరున్న అయస్కాంతం 1.5 టెస్లాలది, అంటే భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు. సున్నాకు దిగువన 269 డిగ్రీల చల్లదనంలో ఉండే ద్రవ హీలియంలో దాని తీగచుట్టలు మునిగి ఉంటాయి. రాత్రి మేం తాళం వేసుకుని ఇంటికి పోయినా అయస్కాంతం పని చేస్తూనే ఉంటుంది. లోపలికి వెళ్ళే ముందు తాళిబొట్టు గొలుసుకు తగిలించిన పిన్నీసులు, తలలో పిన్నులు, మొలతాడుకు కట్టిన తాయెత్తు అన్నీ తీయించేది అందుకే. బంగారాన్ని అయస్కాంతం లాగదు, పిన్నీసును లాగుతుంది. 2018 జనవరిలో ముంబయిలో బంధువుకు తోడుగా వచ్చిన ఒకాయన ఆక్సిజన్ సిలిండర్‌తో ఎమ్మారై గదిలోకి వెళ్ళి చనిపోయాడు. మేం పిన్నీసు గురించి నాలుగుసార్లు అడిగితే విసుక్కోకండి.

ఆ అయస్కాంతంలో పడుకున్న మనిషి ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు కొంతమేర ఒక దిశకు సర్దుకుంటాయి. రేడియో తరంగంతో వాటిని కదిలిస్తాం. అవి తిరిగి సర్దుకునేటప్పుడు వచ్చే సంకేతాన్ని పట్టుకుంటాం. ఆ సర్దుబాటు వేగం కొవ్వులో ఒక తీరు, నీటిలో ఇంకో తీరు, వాచిన చోట మరో తీరు. ఆ తేడాలే బొమ్మ. ఎక్స్‌రే కిరణాలు ఇందులో లేవు. ఈ పద్ధతికి దారి వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఉదయగిరి నుంచో సీతారామపురం నుంచో పక్షవాతం వచ్చిన మనిషిని అంబులెన్సులో తెస్తారు. ప్రయాణానికే రెండు గంటలకు తక్కువ పట్టదు. రక్తం గడ్డకట్టిన పక్షవాతానికి గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపు పడాలి. చికిత్స అందని ప్రతి నిమిషంలో సుమారు 19 లక్షల మెదడు కణాలు పోతాయని లెక్క కట్టారు. మొదట సీటీ తీసి రక్తస్రావం లేదని చూసుకుంటారు. తొలి గంటల్లో సీటీ మామూలుగానే కనిపించవచ్చు. ఎమ్మారైలో డిఫ్యూజన్ అనే పద్ధతి ఉంది. నీటి అణువులు స్వేచ్ఛగా కదలలేకపోతున్న చోటును అది తెల్లగా చూపిస్తుంది. ఆ తెల్లటి ముక్క తెర మీదకు రాగానే మా రేడియాలజిస్టు ఫోను అందుకుంటారు. ఫిట్స్ వచ్చిన పిల్లల మెదడులో బద్దెపురుగు పిల్ల చేసుకున్న చిన్న నీటి తిత్తి, అందులో దాని తల చుక్కగా కనిపించడం మన దేశంలో రేడియాలజిస్టులకు బాగా అలవాటైన దృశ్యం. కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ళలో ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల వెన్నుపూసలను కలిపి ఉంచే కట్లు గట్టిపడి వెన్నుపామును నొక్కేయడం చూస్తాం. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్ గురించిన తొలి నివేదిక 1937లో నెల్లూరు జిల్లా పల్లెల నుంచే వచ్చింది. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఈ జిల్లాలోవే. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ నీళ్ళ ఫలితాన్ని నేను తెర మీద చూస్తున్నానంటే, దాని గురించి మీ పత్రిక ఒక ఆదివారం మొత్తం కేటాయించవచ్చు. అది వేరే ఉత్తరం.

ఇవన్నీ ఒక మనిషిని పడుకోబెట్టి ఆ మనిషి గురించి చెప్పగలిగిన సంగతులు. మీరు వేసిన నారింజ మచ్చల బొమ్మ ఈ కోవలోది కాదు. దాన్ని ఫంక్షనల్ ఎమ్మారై అంటారు. మా సెంటర్లో అది చేయం. చెన్నైలో శిక్షణలో ఉన్నప్పుడు మాత్రం దగ్గరగా చూశాను. అప్పుడొక ప్రయోగానికి మనుషులు కావలసివస్తే నేనూ పడుకున్నాను.

పని చాలా చిన్నది. ముప్ఫై సెకన్లు కుడిచేతి బొటనవేలితో మిగతా వేళ్ళను వరసగా తాకాలి. ముప్ఫై సెకన్లు ఊరికే ఉండాలి. మళ్ళీ వేళ్ళు, మళ్ళీ విరామం. చెవుల్లో దూది, దాని మీద హెడ్‌ఫోన్లు, అయినా మిషన్‌లోని తీగచుట్టలు అదిరే ఆ మోత ఆగదు. ముక్కు దురద పెట్టినా తల కదపకూడదు. తల ఒకటి రెండు మిల్లీమీటర్లు కదిలినా లెక్క చెడిపోతుంది.

సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించారు. మెదడు మొత్తాన్ని మూడేసి మిల్లీమీటర్ల గడులుగా కోసేసి ఉంటుంది. ఒక్కో గడిలో లక్షల కణాలు. మిషన్ ఆ కణాలను చూడదు, వాటి దగ్గరికి వచ్చే రక్తాన్ని చూస్తుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌కూ, ఆక్సిజన్‌ను వదిలేసిన హిమోగ్లోబిన్‌కూ అయస్కాంత గుణంలో తేడా ఉందని లైనస్ పాలింగ్, చార్లెస్ కోర్యెల్ 1936లోనే కనిపెట్టారు. ఆ తేడాను ఎమ్మారైలో పట్టుకోవచ్చని 1990లో సెయిజి ఒగావా చూపించాడు. కణాలు పని చేసిన క్షణంలో రక్తం రాదు. తీరిగ్గా వస్తుంది. దాని ఉద్ధృతి అయిదారు సెకన్ల తర్వాత గానీ కనిపించదు. అప్పుడు కూడా సంకేతంలో పెరుగుదల నూటికి ఒకటి రెండు పాళ్ళే. అంత చిన్న తేడాను మామూలు గోలలోంచి ఏరడానికే అన్నిసార్లు వేళ్ళు ఆడించడం.

ప్రతి గడికీ కంప్యూటర్ ఒక సంఖ్య ఇచ్చింది. వేళ్ళు కదిలినప్పటికీ ఊరికే ఉన్నప్పటికీ తేడా ఎంత నమ్మదగినదో ఆ సంఖ్య చెబుతుంది. అప్పటికి తెర మీద రంగు లేదు. పక్కన ఒక జారుడు మీట ఉంది. ‘ఈ సంఖ్య దాటిన గడులకే రంగు వెయ్యి’ అని చెప్పే మీట అది. మాకు నేర్పుతున్న ఆయన దాన్ని కిందికి జరిపారు. నా మెదడు నిండా నారింజ. కళ్ళ వెనకా, చివరికి పుర్రె బయటా మచ్చలు పడ్డాయి. పైకి జరిపారు. ఎడమవైపు, చేతిని నడిపించే చోట చిన్న ముద్ద మిగిలింది. కుడిచేతికి ఎడమ మెదడు, పుస్తకంలో ఉన్నట్లే. ఇంకా పైకి జరిపితే అదీ మాయమైంది. నా మెదడులో ఏమీ మారలేదు. మీట మారింది.

నారింజ రంగు కూడా ఎవరో ఎంచుకున్నదే. ఆకుపచ్చ కావాలంటే ఆకుపచ్చే వచ్చేది.

ఆ మీటను ఎక్కడ ఆపాలన్నది చేతికి తోచిన విషయం కాదు, దానికి గణితం ఉంది. ఆ గణితాన్ని వదిలేస్తే ఏమవుతుందో 2009లో అమెరికాలో క్రెయిగ్ బెనెట్ బృందం చూపించింది. చేపల గురించి నెల్లూరు వాళ్ళకు ఒకరు చెప్పాలా అనుకోకండి, ఈ చేప వేరు. అంగట్లో కొన్న చచ్చిన సాల్మన్ చేపను స్కానర్లో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించి, వాళ్ళు ఏ భావంలో ఉన్నారో చెప్పమని అడిగారు. చేప మెదడులో కొన్ని గడులకు రంగు వచ్చింది! మామూలుగా ఒక స్కాన్‌లో ఉండే లక్షకు పైగా గడులను విడివిడిగా పరీక్షిస్తున్నప్పుడు, వెయ్యింటికి ఒక్కటి చొప్పున పొరపాటు పడ్డా వందకు పైగా గడులు ఉత్తినే రంగు పూసుకుంటాయి. లెక్కను సరిదిద్దితే చేపలో రంగంతా పోయింది. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ వాళ్ళకు 2012లో దక్కింది.

ఇప్పుడు మీ ప్రేమ బొమ్మ. మీరు మూలం వేయలేదు కాబట్టి అది ఎవరిదో నేను చెప్పలేను. ఇలాంటి పరిశోధనల్లో పేరు మోసినది 2000లో లండన్‌లో జరిగింది. పాల్గొన్నవారు 17 మంది. తాము ప్రేమించిన మనిషి ఫోటో చూసినప్పుడు, స్నేహితుల ఫోటోలు చూసినప్పుడు రక్తప్రవాహంలో వచ్చిన తేడాను అందరికీ కలిపి లెక్క కట్టారు. అంటే అలాంటి బొమ్మలో ఉన్నది ఏ ఒక్కరి ప్రేమా కాదు, కొందరికి కలిపి కట్టిన తేడా లెక్క. ‘ఇలా వెలుగుతుంది’ అన్నారు చూడండి, ఆ మాట నాకు మింగుడు పడలేదు. మెదడు ఒంటి బరువులో నూటికి రెండు పాళ్ళే అయినా శక్తిలో ఇరవై పాళ్ళు తినేస్తుంది, మనం మంచం మీద పడుకుని ఉన్నా సరే. ఏదో ఒక పని పెట్టుకున్నప్పుడు అదనంగా పెరిగేది స్వల్పం. రంగు లేని చోట మెదడు నిద్రపోతోందని అర్థం రాకూడదు. కుడి మెదడు మనిషి, ఎడమ మెదడు మనిషి అని మీరే ఇంకోసారి వేసినట్లు గుర్తు. 2013లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు వెయ్యికి పైగా మంది స్కాన్లు చూసి, మెదడు మొత్తంగా ఒక వైపుకు మొగ్గిన మనుషులు కనబడలేదని తేల్చారు.

కావలి తల్లి అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే పని 2022లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. దాదాపు 50 వేల మంది స్కాన్లను కలిపి చూస్తే, మెదడు ఆకారానికీ తెలివితేటల పరీక్షలకూ మధ్య కనబడే సంబంధం చాలా చిన్నదని, దాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే వేల మంది కావాలని అందులో చూపించారు. పాతిక ముప్ఫై మందిని స్కాన్ చేసి రాసిన పరిశోధనలు తర్వాత చాలావరకు నిలబడకపోవడానికి ఇదొక కారణం. వేల మందిలో గానీ కనబడని సంబంధాన్ని ఒక్క పిల్లవాడి స్కాన్‌లో ఎవరు చదువుతారు? చెన్నైలో మిషన్ పెద్దదే కావచ్చు. ఈ లెక్క అక్కడా ఇంతే.

ఇంకోటి కూడా ఉంది, నాకు ఇష్టమైనది. లండన్‌లో టాక్సీ లైసెన్సు కావాలంటే దాదాపు 25 వేల వీధులు కంఠస్థం చేయాలి. మూడు నాలుగేళ్ళు పడుతుంది. అలా నేర్చిన డ్రైవర్లలో దారులను గుర్తుంచుకునే హిప్పోక్యాంపస్ వెనక భాగం పెద్దదిగా ఉందని ఎలినార్ మగ్వైర్ బృందం 2000లో చెప్పింది. పుట్టుకతోనే పెద్దదా, చదివాక పెరిగిందా అన్న ప్రశ్న మిగిలింది. 2011లో దానికీ జవాబు వచ్చింది. శిక్షణ మొదలుపెట్టిన 79 మందిని ముందే స్కాన్ చేశారు. వాళ్ళలో 39 మంది పాసయ్యారు. మొదటి స్కాన్లో పాసయ్యేవారికీ తప్పేవారికీ తేడా ఏమీ కనిపించలేదు. చదువు పూర్తయ్యాక తీసిన స్కాన్లో, పాసయినవారికి ఆ భాగం పెరిగింది. ఎవరు గట్టెక్కుతారో ముందు తీసిన బొమ్మ చెప్పలేకపోయింది. ఎంపీసీ, బైపీసీ తేల్చమని పిల్లవాడిని తీసుకొచ్చేవాళ్ళకు నేను ఇప్పుడు ఈ కథే చెబుతున్నాను. కొందరు వింటున్నారు.

ఇక ఆ కరపత్రం. దాన్ని చివరిదాకా చదివితే చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది: పిల్లల పది వేలిముద్రలు తీసుకుంటారు. అంతే. తలకు తీగ లేదు, స్కానర్ లేదు, మెదడు వైపు ఎవరూ కన్నెత్తి చూడరు. మెదడు బొమ్మ అలంకారానికి. వేలిముద్రల గీతలు తల్లి కడుపులో ఉండగా మెదడు పెరిగే నెలల్లోనే ఏర్పడతాయి కాబట్టి రెండూ ఒకటేనని వాళ్ళ వాదన. అదే నెలల్లో కాలివేళ్ళు, చెవులు కూడా తయారవుతాయి. ఈ వేలిముద్రల పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2019లోనే ప్రకటన ఇచ్చింది. మన ఊళ్ళో మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువులో, పిల్లలకు చదువు రావాలని మొక్కుకుని చదువు రొట్టె పట్టుకునే తల్లులను చూసి కొందరు నవ్వుతారు. నేను నవ్వను. ఆ రొట్టె ఇచ్చేవాళ్ళు డబ్బు తీసుకోరు, పిల్లవాడికి లెక్కలు నూటికి ఎన్ని పాళ్ళు వస్తాయో రంగుల పటం గీసి చేతిలో పెట్టరు.

మెదడు పరీక్ష అన్న మాటకు కోర్టులు కూడా ఒకప్పుడు లొంగాయి. 2008లో పుణెలో ఒక హత్య కేసులో తలకు తీగలు తగిలించి చేసిన పరీక్షను కూడా లెక్కలోకి తీసుకుని శిక్ష వేశారు. 2010 మేలో సుప్రీంకోర్టు సెల్వి కేసులో, మనిషి ఒప్పుకోకుండా అలాంటి పరీక్షలు చేయకూడదని తేల్చి చెప్పింది. పిల్లలను అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

మీ ఒక్క పత్రికనే అంటున్నానని అనుకోకండి. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్ళు 100 మంది స్కాన్లతో భారతీయుల మెదడుకు తొలి అట్లాస్, అంటే సగటు కొలతల నమూనా, తయారుచేశారు. ఎంతో ఉపయోగమైన పని. అప్పటిదాకా మన రోగుల మెదడును కొలవడానికి కెనడాలోని మాంట్రియల్‌లో తయారైన నమూనాయే కొలబద్ద. అది మనవాళ్ళ మెదడు కొలతలకు సరిగా సరిపోదు. ముసలితనంలో మతిమరుపు వచ్చినప్పుడు మెదడు ఎంత కుంచించుకుపోయిందో తెలియాలంటే మనవాళ్ళ మెదడు మామూలుగా ఎంత ఉంటుందో తెలియాలి కదా. దేశంలో చాలా పత్రికలకు ఇందులో కనిపించిన వార్త ఒక్కటే: ‘భారతీయుల మెదడు చిన్నది’. మా ఆయన ఆ వార్త చదివి వారం రోజులు నన్ను ఆట పట్టించారు. మెదడు కొలతకూ తెలివికీ ముడిపెట్టే మాట ఆ పరిశోధనలో లేదు.

నా విన్నపం పెద్దది కాదు. మెదడు బొమ్మలు వేయవద్దని అనను. అవి చూసి ఒక్క పిల్లవాడికైనా ఫిజిక్సు మీద ఇష్టం పుడితే మంచిదే. బొమ్మ కింద ఇంకో రెండు వాక్యాలకు చోటివ్వండి. ఎంతమందిని స్కాన్ చేశారు, వాళ్ళు ఏ పని చేస్తుండగా తీశారు, దాన్ని దేనితో పోల్చారు, రంగు ఒక్కరిదా అందరి సగటా. ఏజెన్సీ పంపిన వార్తలో ఈ వివరాలు ఉండకపోవచ్చు, పరిశోధన వ్యాసం మొదటి పేజీలో దాదాపు ఎప్పుడూ ఉంటాయి. వెతకడానికి పదిహేను నిమిషాలు చాలు. అనుమానం వస్తే నెల్లూరులోనూ ఒంగోలులోనూ రేడియాలజిస్టులు ఉన్నారు, ఒక్క ఫోను చేయండి. బెంగళూరు నిమ్హాన్స్ వంటి చోట్ల, మెదడులో కణితి తీసే ముందు మాటను, చేతిని నడిపించే చోట్లు ఎక్కడున్నాయో చూసుకోవడానికి ఇదే ఫంక్షనల్ ఎమ్మారైని వాడతారు. ఈసారి దాని గురించి రాయించండి. అందులో ప్రేమ లేదు గానీ, మాట పోకుండా బయటపడ్డ మనుషులున్నారు.

గత వారం వేసిన బొమ్మ ఏ పరిశోధనలోదో, ఎందరి సగటో వచ్చే ఆదివారం సవరణగా వేయగలరా? అది ఎవరో కంప్యూటర్లో గీసి అమ్మిన బొమ్మ అయితే, ఆ మాటే వేయండి.

ఇట్లు,
ఒక ఎమ్మారై టెక్నీషియన్,
పొగతోట, నెల్లూరు
(ఉద్యోగ కారణాల వల్ల పేరు ప్రచురించవద్దని మనవి)